దుంగల దారి, బొగ్గు దారి

1871లో దుమ్ముగూడెం దగ్గర గోదావరి మీద ఏళ్ల తరబడి సాగిన పనులను ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. దాదాపు అదే సమయంలో, నదికి పడమటి వైపు అడవి దాటితే వచ్చే ఇల్లెందు ప్రాంతంలో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ బొగ్గు పొరను గుర్తించాడు. ఒకటి బ్రిటిష్ వాళ్ల గట్టు, రెండోది నిజాం ఇలాకా. పట్నం కావాలని కలగన్న చోటు పల్లెగానే మిగిలిపోయింది. పట్నం ఊహే లేని చోట పొగగొట్టాలు లేచాయి. ఈ రెండింటి నడుమ ఉన్న కోయ గూడేలకూ, కొండరెడ్ల పల్లెలకూ, లంబాడా తండాలకూ ఏమైంది?

పందొమ్మిదో శతాబ్దంలో పెరిగిన పట్నాల చుట్టూ ఉన్న పల్లెల గురించి ప్రపంచమంతటా చాలా రాశారు. లండన్‌కు పాలు, కూరగాయలు పంపిన ఊళ్లు క్రమంగా లండన్‌లోనే కలిసిపోయాయి. షికాగో నగరం విస్కాన్సిన్, మిషిగన్ అడవుల పైన్ కలపను ఎలా మింగిందో విలియం క్రోనన్ 1991లో ఒక పుస్తకమే రాశాడు. మన ఖమ్మం–భద్రాచలం సరిహద్దుకు వచ్చేసరికి ప్రశ్న మొదట్లోనే తడబడుతుంది. ఇక్కడ ఆ కాలంలో పట్నం ఏది? ఖమ్మం మెట్టు కోట కింద చిన్న ఊరు. 1889లో బెజవాడ దాకా రైలు పడ్డాకే దానికి వ్యాపారం ఊపందుకుంది. భద్రాచలం పుణ్యక్షేత్రం. శ్రీరామనవమికి కిటకిటలాడి, తిరునాళ్లు తీరగానే సద్దుమణిగేది. పందిళ్లకు వెదురు, వంటలకు కట్టెలు, విస్తళ్లకు అడ్డాకులు చుట్టుపక్కల గూడేల నుంచే రావాలి. కానీ ఏడాదిలో కొద్ది రోజుల గిరాకీతో పల్లె బతుకు మారిపోదు.

నా లెక్కలో ఈ అడవిని నిజంగా మార్చిన పట్నాలు రెండు. ఒకటి అడవికి వంద మైళ్ల దిగువన ఉన్న రాజమండ్రి. రెండోది అడవి నడిబొడ్డునే పుట్టిన ఇల్లెందు. ఒకదానికి సరుకు నీటి మీద వెళ్లింది, ఇంకొకదానికి బండి మీద. పల్లెల గతిలో తేడా చాలావరకు అక్కడి నుంచే వచ్చిందని నా వాదన.

జర్మన్ భూస్వామి ఫాన్ థ్యూనెన్ 1826లో ఒక పుస్తకం అచ్చు వేశాడు. చదునైన మైదానం, మధ్యలో ఒకే ఒక్క పట్నం, చుట్టూ వలయాలుగా సాగు అని ఊహించాడు. మొదటి వలయంలో పాలు, కూరగాయలు. రెండోది, ఇప్పటివాళ్లు ఆశ్చర్యపోయేది, అడవి. కట్టె బరువు ఎక్కువ, ధర తక్కువ. దూరం నుంచి మోసుకొస్తే కిరాయే గిట్టదు కాబట్టి పట్నానికి ఆనుకునే అడవి ఉండాలని ఆయన తర్కం. గింజలు ఆ తరవాతి వలయాల్లో పండుతాయి. నది ఉంటే ఈ లెక్క తలకిందులవుతుందని ఆయనకూ తెలుసు. మన దగ్గర ఉన్నది గోదావరి.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయింది. డెల్టాకు నీళ్లొచ్చాయి, కాలువలొచ్చాయి, చేతిలో డబ్బాడింది. ఇళ్లకు దూలాలు, వాసాలు కావాలి. పడవలకు పలకలు, బండ్లకు ఇరుసులు కావాలి. తడికలకు, బుట్టలకు వెదురు కావాలి. డెల్టాలో అడవి లేదు. 1871లో ఇరవై వేలకు కాస్త తక్కువగా ఉన్న రాజమండ్రి జనాభా 1901 నాటికి 36 వేలు దాటింది. ఆ ఊరికి కావలసిన కలప పాపికొండల పైనుంచి, శబరి కలిసే కూనవరం చుట్టుపక్కల నుంచి, భద్రాచలం ఎగువ నుంచి దిగింది.

దుంగ ఎలా దిగుతుందో చూస్తే ఈ వ్యాపారం ఎంత ఓపిక మీద నడిచిందో తెలుస్తుంది. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది. అందుకని ముందుగా మాను మొదలు చుట్టూ బెరడు, దాని కింది చెక్క దాకా గాటు పెట్టి వదిలేస్తారు. చెట్టు నిలబడే ఎండుతుంది. ఎండాకే గొడ్డలి పడుతుంది. కొట్టిన మానును ఎడ్లతోనో దున్నలతోనో ఏటి గట్టుకు ఈడుస్తారు. తేలడానికి పక్కన వెదురు మోపులు కట్టి తెప్ప చేస్తారు. ఆ తరవాత నీళ్ల కోసం కాచుకోవాలి. పాపికొండల ఇరుకులో ఏరు సుడులు తిరుగుతుంది. అక్కడ తెప్పను బండకు తగలకుండా దాటించడం కొండరెడ్లకూ, కోయలకూ, నది తెలిసిన పడవవాళ్లకే సాధ్యం. గొడ్డలి పెట్టిన నాటికీ, రాజమండ్రి రేవులో దుంగ అమ్ముడుపోయిన నాటికీ నడుమ కొన్నేళ్లు గడవచ్చు. అంతకాలం డబ్బు మదుపు పెట్టగలిగినవాడు షావుకారు ఒక్కడే. కూలివాడి చేతికి ముందుగా ఉప్పు, గుడ్డ, కాసిని రూకలు బయానాగా వచ్చేవి. లెక్క మాత్రం షావుకారు చిట్టాలో ఉండేది.

ఇక్కడ థ్యూనెన్ వలయం వింతగా సాగిపోయింది. రాజమండ్రి కలప వ్యాపారికి ఇరవై మైళ్ల దూరంలోని మెట్ట అడవికన్నా ఎంతో ఎగువన, భద్రాచలం పక్క తాలూకా అయిన రేకపల్లి అడవే దగ్గర. ఏరే మోస్తుంది, కిరాయి లేదు. రేకపల్లి మనిషికి మాత్రం రాజమండ్రి ఎప్పుడూ దూరదేశమే. పొంగు ఉన్న నెలల్లో తప్ప పడవలు పైకి సాఫీగా రావు, ఎదురీత ఖర్చుతో కూడిన పని. పట్నం పల్లెకు దగ్గరయింది గానీ పల్లె పట్నానికి దగ్గర కాలేదు. లండన్ చుట్టూ ఊళ్లకు పాల బండి తోలుకెళ్లి ధర అడిగి రాగల వీలుండేది. ధర అడగడానికి భద్రాచలం నుంచి ఎవడు దిగుతాడు?

దీనికంతటికీ ముందు ఈ అడవిలో స్వర్గమేమీ లేదని కూడా చెప్పుకోవాలి. ఈ విషయంలో మనకు దొరికే అతి ముఖ్యమైన సాక్షి రెవరెండ్ జాన్ కెయిన్. 1870ల నుంచి దుమ్ముగూడెంలో ఉండి కోయల్లో పనిచేసిన చర్చి మిషనరీ సొసైటీ పాదిరి. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో ఆయన రాసిన వ్యాసాలను ఆ తరవాత మానవశాస్త్రవేత్త థర్‌స్టన్ నుంచి గెజిటీర్ల దాకా అందరూ వాడుకున్నారు. పాదిరి చూపు పాదిరిదే. కోయ దేవుళ్ల గురించి ఆయన మాటలను ఆచితూచి తీసుకోవాలి. కానీ వెట్టి గురించి ఆయన ఇచ్చిన లెక్క చాలా విలువైనది.

భద్రాచలం జమీందారు దగ్గర రోహిల్లా సిపాయిలు ఉండేవారు. జీతం నామమాత్రం, మిగతాది ఊళ్ల మీద పడి దోచుకోవడమే. ఇరవై అయిదు కోయ పల్లెలు కలిస్తే ఒక సముతు. భద్రాచలం తాలూకాలో అలాంటి సముతులు పది. వంతు వచ్చిన సముతు నెల రోజుల పాటు వంద మంది కోయలను బరువులు మోయడానికి, దినుసులు తేవడానికి పంపాలి. గుర్రాల చాకిరీకి మాదిగలనూ అదే లెక్కన పంపాలి. తిండి ఎవరిది వారే తెచ్చుకోవాలి. విడదీసి చూస్తే ఊరికి నలుగురు మగవాళ్లు. పది పదిహేను గుడిసెల గూడెంలో నలుగురు మగవాళ్లు నెల పాటు లేకపోవడమంటే ఆ నెల పోడు నరికే నెల అయితే ఏడాది గింజలకే ఎసరు. ఈ చాకిరీ పట్నం కోసం కాదు, గడీ కోసం. పట్నం రాకముందే పల్లె మనిషి ఒంటిని అడగకుండా వాడుకునే అలవాటు ఇక్కడ పాతుకుపోయింది. తరవాత వచ్చిన కంట్రాక్టరు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

మరి ఆ మనిషికి ఉన్న బలమేమిటి? కాళ్లు. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. పోడు సాగులో చలికాలం చివర చెట్లు నరుకుతారు. ఎండల్లో కాలుస్తారు. తొలకరికి బూడిదలో జొన్న, సామ, కొర్ర, కంది చల్లుతారు. రెండు మూడేళ్లకు నేల సత్తువ తగ్గితే కొత్త చోటు చూసుకుంటారు. ఇల్లు వెదురు, గడ్డి. సామాను కావడికి సరిపోతుంది. పెత్తనం మరీ మీరితే రాత్రికి రాత్రే ఊరు లేచిపోవచ్చు. మనుషులు లేని అడవి జమీందారుకు ఎందుకూ పనికిరాదు కాబట్టి ఆ భయం ఎంతోకొంత పనిచేసేది.

1860 తరవాత ఈ బలం రెట్టింపయింది. ఆ ఏడాది ఒప్పందంతో గోదావరి ఎడమ గట్టు తాలూకాలు నిజాం నుంచి బ్రిటిష్ వారికి వచ్చాయి. సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడి మధ్య పరగణాల కిందికి పోయింది. అశ్వారావు వంశపు పాత ఇలాకా నిట్టనిలువునా చీలింది. భద్రాచలం ఒక సర్కారులో, ఏటి అవతల పాల్వంచ ఇంకో సర్కారులో. అధికారులకు అది గీత. గూడేనికి అది ఒక దారి. ఈ గట్టున పన్ను పెరిగితే ఆ గట్టుకు, ఆ గట్టున వెట్టి పెరిగితే ఈ గట్టుకు. సరిహద్దు అంటే నిర్బంధం అనుకుంటాం గానీ, కొన్నేళ్ల పాటు ఇక్కడ సరిహద్దే పల్లెవాళ్లకు కాస్త గాలి ఆడనిచ్చింది.

ఆ గాలిని బిగబట్టింది 1874. భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మధ్య పరగణాల నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. అంతకుముందు పోడు మీద పన్ను గొడ్డలికి నాలుగణాలు. గొడ్డలి ఒక్కటుంటే నరకగలిగినంత నరుక్కో. మద్రాసు పాలనలో ఆ భారం దాదాపు మూడింతలైంది, కొన్ని జాతుల చెట్ల మీద గొడ్డలి వేయడమే నిషేధమైంది. ఏ చెట్లు? రాజమండ్రి రేవులో ధర పలికేవే. పట్నపు గిరాకీ ఇక్కడికి షావుకారు బయానాగా మొదట వచ్చింది, సర్కారు నిషేధంగా తరవాత వచ్చింది.

1879 మార్చిలో అదే గోదావరి జిల్లా కొండల్లోని రంపలో పితూరి (తిరుగుబాటు) లేచింది. మన్సబ్‌దారు పెత్తనం, కల్లు మీద చిగురు పన్ను, కల్లు గుత్తలు బయటివాళ్ల చేతికి పోవడం అక్కడి మంట. కొద్ది నెలల్లోనే అది రేకపల్లికి పాకింది. బోదులూరుకు చెందిన అంబుల్‌రెడ్డి అక్కడ ముందు నిలిచాడు. కారణం మాత్రం రేకపల్లికి సొంతం, పోడు పన్నూ చెట్ల నిషేధమూ. అణచడానికి మద్రాసు పటాలాలతో పాటు హైదరాబాద్ కంటింజెంట్ దళాన్ని కూడా దింపారు. ఏరు దాటి తప్పించుకునే దారిని మూయాలంటే అవతలి సర్కారు సాయం కావాలి మరి. తిరుగుబాటును అణచడంలో రెండు గట్లూ ఒక్కటయ్యాయన్నది ఈ కథలో జనం పెద్దగా పట్టించుకోని సంగతి.

ఈ పితూరి మీద వచ్చిన రాతల్లో రెండు ధోరణులు కనిపిస్తాయి. 1907 నాటి గోదావరి గెజిటీరులో హెమింగ్‌వే పన్నుల వివరాలు నిజాయితీగానే ఇచ్చాడు. కానీ ఆ కథనంలో కొండవాళ్లు అమాయకులు, కింది ఉద్యోగులు దుర్మార్గులు, పైవాళ్లు న్యాయమూర్తులు. దీనికి ఎదురుగా డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలో 1839 నుంచి 1924 దాకా గూడెం–రంప పితూరులన్నిటినీ ఒకే దండగా గుచ్చి చూశాడు. బయటి నుంచి చొచ్చుకొచ్చే రాజ్యానికీ వ్యాపారికీ కొండ సమాజం ఇచ్చిన జవాబుగా వాటిని చదివాడు. 1995లో అట్లూరి మురళి ఆంధ్ర అడవుల మీద రాసిన వ్యాసం చట్టం వైపు నుంచి వచ్చింది. ఆనవాయితీగా వాడుకున్న చెట్టు సర్కారు సొత్తుగా మారిన తీరును చూపింది. నాకు ఆర్నాల్డ్ దారి నచ్చుతుంది గానీ ఒక్క లోటు ఉంది. రంపను మధ్యలో పెట్టుకుని చూసేసరికి రేకపల్లి దానికి తోకలా కనిపిస్తుంది. భద్రాచలం గట్టు నుంచి చూస్తే అదే కథ గోదావరి కలప వ్యాపారపు కథగా, రెండు సర్కార్ల నడుమ నలిగిన కథగా మారిపోతుంది.

1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు గీతలు పడ్డాయి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా సర్కారు అడవో కాగితం మీదికి వచ్చాక, లేచిపోవాలంటే చోటు ఉండాలి కదా.

దుమ్ముగూడెం కథ ఇక్కడ చెప్పుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ పట్టుదల మీద, నాగపూర్, బీరారు పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దింపాలని ఎగువ గోదావరి జలమార్గం పనులు మొదలుపెట్టారు. నదిలో మూడు చోట్ల బండలు అడ్డం, వాటిలో మొదటిది దుమ్ముగూడెం. హేగ్ అనే ఇంజనీరు అక్కడ ఆనకట్ట, కాలువ, లాకు కట్టించాడు. అమెరికాలో అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైన రోజులవి, కాబట్టి పనికి ఊపొచ్చింది. కూలీలు, మేస్త్రీలు, దుకాణాలు, జ్వరాలు అన్నీ కలిసి అడవి మధ్య ఒక ఊరు లేచింది. ఇంతలో 1867కు బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి పడమటికి పోయింది. 1871లో పనులు ఆగాయి.

పట్నం ఆశ పోయాక ఊళ్లో మిగిలింది కెయిన్ పనిచేసిన మిషను. మొదటి నుంచీ హేగ్ ప్రోద్బలం దానికి ఉంది. ఆ మిషను ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పింది. దుమ్ముగూడెం లేసు దూరదేశాల్లో అమ్ముడుపోయే సరుకుగా పేరు తెచ్చుకుంది. ఆలోచిస్తే ముచ్చటేస్తుంది. ఓడల్లో పత్తి పోవాల్సిన ఊరి నుంచి పోస్టులో లేసు పోయింది. దుంగ వ్యాపారంలో లేని సుఖం ఇందులో ఒకటుంది. అల్లిక తేలిక, విలువ ఎక్కువ, దూరం దాని లాభాన్ని తినేయదు. అడవి అంచు పల్లె దూరపు బజారుతో కాస్త మర్యాదగా లావాదేవీ జరిపిన ఉదాహరణ ఆ శతాబ్దంలో ఇదొక్కటే నాకు కనిపిస్తుంది. అందులో పాల్గొన్నవాళ్లు కొద్దిమందే, మిషను నీడన ఉన్నవాళ్లే.

ఇక బొగ్గు దారి. ఇల్లెందును ఇప్పటికీ చుట్టుపక్కల జనం బొగ్గుట్ట అంటారు. బొగ్గు దొరికిన తీరు గురించి రెండు కథలు చెప్పుకుంటారు. ఒకటి కింగ్ దొర కథ. అక్కడి ఒక పొరకు ఆయన పేరే పెట్టారు. రెండోది, భద్రాచలం పోయే యాత్రికులు దారిలో నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుంటే రాళ్లే అంటుకున్నాయన్న కథ. రెండింట్లోనూ బొగ్గు చూసినవాడు దారిన పోయేవాడే. తరతరాలుగా అక్కడే పోడు కాల్చుకుని బతికిన కోయ మనిషి కంట ఆ నల్లరాయి పడలేదంటే నమ్మడం కష్టం. అతనికి దానితో పని లేదు, అంతే. చుట్టూ కట్టెలుండగా రాయి ఎవడు తవ్వుతాడు?

1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి తవ్వకాల హక్కులొచ్చాయి. లండన్‌లో పెట్టిన కంపెనీ అది. వాటాల అమ్మకంలో జరిగిన గోల్‌మాల్ మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘమే వేసింది. నిజాం సర్కారు తరఫున బేరం నడిపిన అబ్దుల్ హక్ పదవి పోగొట్టుకున్నాడు. షేర్లు, కమీషన్ల మీద పుటల కొద్దీ వాదన సాగింది. ఎవరి నేల కింద బొగ్గు ఉందో ఆ ఊళ్ల గోడు అందులో చర్చకు రాలేదు.

డోర్నకల్ నుంచి ఇల్లెందుకు రైలు కొమ్మ పడింది, 1889కి బొగ్గు అమ్మకం మొదలైంది. 1901 నాటికి ఊరు పదివేలు దాటింది, ఏటా తవ్వే బొగ్గు నాలుగు లక్షల టన్నుల స్థాయికి చేరింది. అడవి మధ్య అంత జనం ఒక్కచోట ఉండటం ఆ ప్రాంతం అంతకుముందు ఎరగదు. బాయి, అంటే గని, దిగినవాళ్లలో ఎక్కువమంది బయటివాళ్లే. తెలంగాణ మైదానాల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు. ఊళ్లో వెట్టి తప్పించుకోవాలనుకున్న మాల మాదిగ కుటుంబాలకు నెల జీతం దొరికే బాయి, చావు భయం ఉన్నా, ఒక దారి చూపింది. ఈ సంగతి మరవకూడదు. అడవి పల్లెకు శాపమైన పట్నమే మైదానం వెలివాడకు ఊపిరి కావచ్చు. పట్నం చుట్టూ పల్లెలు అని ఒకే గంపకింద కమ్మేస్తే ఈ తేడా కనిపించదు.

కోయలు మొదట్లో బాయిలోకి పెద్దగా దిగలేదు. దాన్ని సోమరితనం అని, చీకటి భయం అని నాటి దొరలు తేల్చేయడం మామూలే. నాకైతే అది లెక్క తెలిసిన మనిషి నిర్ణయంగానే కనిపిస్తుంది. పోడు, ఇప్పపూవు, చింతపండు, తేనె, వేట ఉన్నంతకాలం నేల కింద పన్నెండు గంటల పని ఎందుకు? అయితే బాయి ఆ లెక్కను ఎక్కువ కాలం సాగనివ్వలేదు. బాయి కప్పు కూలకుండా నిలవాలంటే అడుగడుగునా టింబర్ కావాలి. తవ్వకం ముందుకు సాగినకొద్దీ కొత్త దిమ్మెలు కావాలి. ఇందుకు కొండ మీది మహా టేకు అక్కర్లేదు. ఓ మోస్తరు లావు నిటారు మాను చాలు. అంటే పోడు వదిలేసిన చోట మళ్లీ లేస్తున్న పడుచు అడవి. పోడు చక్రం తిరగాలంటే ఆ పడుచు అడవి ముదరాలి, ఆకు రాల్చి నేలకు బలమివ్వాలి. బాయి దాన్ని ముదరనివ్వకుండానే కొట్టించింది.

దుంగల దారిలో లేని థ్యూనెన్ వలయం ఇక్కడ నిజంగానే ఏర్పడింది. దిమ్మెలను ఎడ్లబండ్ల మీదే తోలాలి. బండి పోయి రాగలిగినంత మేర అడవి పలచబడుతుంది, తరవాత ఆ మేర పెరుగుతుంది. ఆ వలయంలో పడ్డ ఊళ్లకు పట్నం చేతికి అందేంత దగ్గర. కూరగాయలు, పాలు, కోళ్లు, ఆకులు, గడ్డి, కల్లు అమ్ముకోవచ్చు. సంతలో రొక్కం కళ్లజూడవచ్చు. రేకపల్లి మనిషికి లేని వీలు ఇది, ధర అడిగి రావచ్చు. కానీ ఆ లాభం అందుకున్నది చాలావరకు గేదెలూ బండ్లూ ఉన్న కొత్త కాపురాలే. కోయ గూడేలు వలయంలో ఉన్నా వ్యాపారంలో వెనకబడ్డాయి. పైగా రైలు వచ్చాక జంగ్లాత్ (అటవీ శాఖ) వాళ్ల కన్నూ అడవి మీద పడింది. బంజరు ఊళ్లను ఇజారాకు (గుత్తకు) ఇచ్చే పద్ధతిలో పటేల్ పట్వారీల కాగితం ఎవరికి అందితే నేల వాళ్లదయింది.

లంబాడాల సంగతి వేరు. కోస్తా ఉప్పును లోపలికి, లోపలి ధాన్యాన్నీ పత్తినీ కోస్తాకు వేల ఎడ్ల మీద మోసినవాళ్లు. రైలు వాళ్ల బతుకుదెరువునే లాగేసుకుంది. భంగ్యా భూక్యా 2010లో తెచ్చిన పుస్తకం నిజాం పాలన కింద ఈ సంచారులు ఎలా అణగిపోయారో, ఎడ్ల బిడారు ఎలా తండాగా స్థిరపడిందో వివరంగా చెబుతుంది. ఇల్లెందు, గార్ల, డోర్నకల్ చుట్టూ కనిపించే తండాల వెనక ఈ చరిత్ర ఉంది. బిడారు పోయినా ఎడ్లు మిగిలిన వాళ్లకు బండి తోలే పని, అడవి నరికి సాగు చేసే పని దొరికాయి. ఆ సాగు పడింది కోయల పోడు మీదే. ఒకే రైలు దెబ్బ తిన్న రెండు జాతులు నేల దగ్గర ఎదురుబొదురయ్యాయి. ఇవాళ్టి పోడు భూముల తగాదాలను ఇరవయ్యో శతాబ్దపు రాజకీయం ఒక్కదానితోనే వివరించేవాళ్లు ఈ వెనకటి అధ్యాయాన్ని దాటేస్తున్నారని నా ఫిర్యాదు.

దుంగల దారి శతాబ్దంతో పాటు ముగియలేదు. 1941లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోదావరి రెండు గట్ల మీదా కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో బైసన్ కొండల రెడ్ల మీద పుస్తకం తెచ్చాడు. నిజాం వైపు కొయిదా, పేరంటపల్లి లాంటి ఊళ్లలో ఆయన చూసింది పాత వ్యవహారమే. వెదురు కొట్టే రెడ్డి, బయానా ఇచ్చిన కంట్రాక్టరు, తీరని బాకీ, దిగువన రాజమండ్రి బజారు. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1937లో, కొత్తగూడెంలో బొగ్గు తవ్వకం మొదలై బొగ్గు దారి పాల్వంచ వైపు జరిగింది. రెండు దారుల నడుమ అడవి సన్నబడుతూ వచ్చింది. హైమెండార్ఫ్ పుస్తకంలో కొండరెడ్లు పట్నానికి దూరంగా ఉన్న ఆదిమ జాతిగా కనిపిస్తారు. ఆయన అక్కడికి చేరేసరికే వాళ్లు కనీసం మూడు తరాలుగా రాజమండ్రి ఇళ్ల దూలాలు కొడుతున్నారు. మానవశాస్త్రం వాళ్లను ఏకాంతంలో చూసింది, బజారు వాళ్లను ఏనాడూ ఏకాంతంగా వదల్లేదు.

ఈ పల్లెలకు ఏమైందన్న ప్రశ్నకు జవాబు ఇంకా సగంగానే ఉండటానికి కారణం కాగితాల్లో ఉంది. ఎడమ గట్టు రికార్డులు మద్రాసులో ఇంగ్లీషులో ఉన్నాయి. కుడి గట్టువి హైదరాబాదులో ఎక్కువగా పారసీ, ఉర్దూల్లో ఉన్నాయి. పితూరి చరిత్రకారులు మొదటివి తిప్పారు, నిజాం చరిత్రకారులు రెండోవి. 1875లో రేకపల్లి పన్ను భరించలేక ఏరు దాటిన కుటుంబం మద్రాసు లెక్కలో ఊరు వదిలి పోయిన రైతు అవుతుంది. నిజాం లెక్కలో కొత్తగా అడవి కొట్టిన ఆసామి అవుతుంది. ఒక కాగితంలో నష్టం, ఇంకో కాగితంలో ఆబాదీ (కొత్త కాపురం). ఆ కుటుంబం పిల్లలు ఇరవై ఏళ్ల తరవాత ఇల్లెందు బండ్లకు దిమ్మెలు ఎత్తి ఉంటే, మూడో కాగితంలో పేరు లేని కూలీలుగా కంపెనీ పద్దులోకి ఎక్కి ఉంటారు. ఈ మూడింటినీ ఒకే బల్ల మీద పరిచి ఊరు ఊరుగా జత చేసే పని మిగిలే ఉంది. మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఒకటే. తాలూకా లెక్కలతో కాకుండా రేవులతో మొదలుపెట్టండి. మనుషులు ఏరు దాటిందీ, దుంగలు నీళ్లలోకి దిగిందీ ఆ రేవుల్లోనే.